గోడ మీద ఉన్నది మీరే బాబూ

అయ్యయ్యో, అలా వెనక్కి వెనక్కి నడవకండి బాబూ, కుర్చీ తగిలి పడతారు! ఏం కాలేదు. మీకేం కాలేదు. నిక్షేపంలా ఉన్నారు. ఆ గోడ మీద ఉన్నది మీరే, కాదనను. ముందున్న దీపం మీకే, ఆ పువ్వులూ మీకే. అంతమాత్రాన మీరు పోయినట్టు కాదు కదా. కూర్చోండి. ముందు కూర్చోండి.

ఊహూఁ, మాట్లాడకండి! ఒక్క మాట కూడా వద్దు. మా మరిదితో ముందే చెప్పాను, 'మీ హీరోగారిని ఒకసారి మా ఇంటికి రమ్మను, కానీ నోరు విప్పొద్దని చెప్పు' అని. చెప్పాడా లేదా? ఆఁ, అలా తలూపండి, చాలు. ఎందుకంటారా? మీరు ఆ గొంతు మీద బతికే మనిషి. మా ఇంట్లో ఊరికే అరగదీసుకోవడం ఎందుకని. అసలు సంగతి తర్వాత చెప్తాను. టీ తీసుకోండి.

ఆ చేతిలో పొట్లం అలా బల్ల మీద పెట్టండి. అబ్బే, విప్పకండి. ఉండనివ్వండి.

హమ్మయ్య. వినేవాళ్ళు దొరికి ఎన్నాళ్ళయిందో!

ఈ ఘనకార్యమంతా మీ సినిమావాళ్ళదే బాబూ. షూటింగుకి ముందు మా మరిది వచ్చాడు. మీకు డైరెక్టరుగారు కావచ్చు, నాకు మాత్రం చొక్కా గుండీలు పైకీ కిందికీ పెట్టుకుని తిరిగిన మరిదే. 'వదినా, అన్నయ్య కథే సినిమా తీస్తున్నాను కదా, తన ఫొటో ఒకసారి ఇవ్వు, హీరోకి చూపించాలి, మీసం ఎంత మందం, పాపిడి ఎటువైపు, అవన్నీ చూసుకోవాలి' అన్నాడు. ఉన్నదే ఒక్క ఫొటో. పెళ్ళి ఫొటో ఉందిగా అంటారేమో, అందులో ఉన్నది ఎవరో బక్కపలచని కుర్రాడు, నాతో కాపురం చేసిన మనిషి కాదు. గోడ మీది ఫొటో దించి, తుడిచి, పసిపిల్లని అప్పగించినట్టు అప్పగించాను.

మీ సినిమా చివర్లో, హీరో పోయాక, గోడ మీద ఆయన ఫొటో కనిపించాలి కదా. అందుకని మీ ఫొటో ఒకటి తీసి, అదే కొలతలో, అదే గోధుమరంగు చట్రంలో బిగించారట. షూటింగు అయిపోయింది. ఎవరో ఇద్దరు బండి మీద వచ్చి, 'అమ్మా, మీ సారు ఫొటో' అని కాగితంలో చుట్టి ఇచ్చి వెళ్ళారు. అదే మేకు, అదే గోడ. తగిలించాను.

ఇహ చూస్కోండి, రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని, 'స్వామీ, ఈయన్ని నీ దగ్గర చల్లగా చూసుకో' అని దండం. 'ఈయన్ని' అంటే ఎవర్ని? మిమ్మల్ని! నా మొక్కంతా మీ ఇంటి తలుపు కొట్టింది బాబూ. ఆ మధ్య మీకేదో అవార్డు వచ్చిందటగా? కొత్త ఇల్లు కూడా కొన్నారటగా? మరేమనుకున్నారు! మీ నటన అనుకున్నారా?

నవ్వకండి. నాకు రెండోవైపు భయం కూడా ఉంది. బతికున్న మనిషి ఆత్మకి శాంతి కలగాలని అన్నాళ్ళు మొక్కానే! ఒంట్లో బాగానే ఉంటోందా? ఆయాసం, గుండెదడ, అలాంటివేమీ లేవు కదా? లేవా. పోనీలెండి. భగవంతుడు మనకన్నా తెలివైనవాడు. పనికొచ్చేది ఇచ్చి, పనికిరానిది పక్కన పెట్టి ఉంటాడు.

ఎప్పుడు కనిపెట్టానంటారా? అదీ చెప్తాను. అన్నీ ఒకేసారి అడక్కండి. అదే, కళ్ళతో అడక్కండి.

మొన్న మా ఆడపడుచు వచ్చింది. ఆయన సొంత చెల్లెలు, ఒకే కంచంలో తిని పెరిగిన మనిషి. తిన్నగా ఆ ఫొటో ముందుకి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, 'మా అన్నయ్య నవ్వు చూడు వదినా, అచ్చం సినిమాలో ఉన్నట్టే ఉంది' అని ఒకటే ఏడుపు! నేనేమనను? 'అవునమ్మా, అచ్చం అలాగే ఉంది' అన్నాను. అబద్ధం కాదుగా.

అక్కడితో ఆగిందా? 'నిన్ను వానలో వెతుక్కుంటూ గొడుగు పట్టుకుని వచ్చాడు కదా వదినా, నేను కిటికీలోంచి చూశాను, నాకింకా కళ్ళకి కట్టినట్టుంది' అంది. నా ఒళ్ళు మండిపోయింది. గొడుగా? మా ఆయనా? ఏనాడైనా వాన పడితే, 'నువ్వు ఎలాగూ తడిసే ఉన్నావు, ఆ తలుపు కూడా వేసి రా' అనే మనిషి! ఆ గొడుగు మా మరిది రాసుకున్న గొడుగు. దాన్ని ఈవిడ తన కిటికీలోంచి చూసేసింది! ఆ ఇంటికి ఆ వైపు కిటికీయే లేదు బాబూ!

ఇలా ఒక్కళ్ళా? మా చుట్టాలందరికీ ఇప్పుడు మీ సినిమాయే గుర్తుంది. అసలు మనిషి ఎవరికీ గుర్తులేడు. ఎదురింటావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'పాపం, ఎంత నరకం అనుభవించావు, చివరికి నిన్ను కూడా గుర్తుపట్టలేదటగా' అంది. ఎవరన్నారమ్మా? 'సినిమాలో చూశాను కదా!' ఆవిడ మా ఎదురింట్లో ఉంటుంది బాబూ. మా ఆయన ఆవిడ కళ్ళజోడు నెలకోసారి సరిచేసి ఇచ్చేవాడు. పేరు పెట్టి పలకరించేవాడు. ఆవిడ నాకు చెప్తోంది, మా ఆయన మనుషుల్ని గుర్తుపట్టలేడని!

మతిమరుపట, మతిమరుపు! సినిమా అంతా మీరు పాపం అలా గోడలకేసి చూస్తూ, పెళ్ళాం పేరు మర్చిపోయి, ఇంటి దారి మర్చిపోయి... బాగానే చేశారు, నేనేమీ అనను. కానీ మా ఆయనకి లేనిదల్లా అదొక్కటే. పెళ్ళయిన కొత్తలో నేను మా అత్తగారితో ఏమన్నానో, ఏ గిన్నె చేత్తో పట్టుకుని అన్నానో, జుట్టు ముడి ఎలా ఉందో కూడా, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక కూడా ఎత్తిపొడిచిన మనిషి. ఆ జ్ఞాపకశక్తిలో సగం భగవంతుడు తగ్గించి ఇచ్చి ఉంటే నేనింకాస్త సుఖపడేదాన్ని.

మా మరిదిని అడిగాను. 'ఒరేయ్, మీ అన్నయ్యకి మతిమరుపు ఎప్పుడు వచ్చిందిరా?' అని. వాడు కళ్ళు సగం మూసుకుని, 'వదినా, జ్ఞాపకం అద్దం లాంటిది కాదు. పారే నీళ్ళ లాంటిది' అన్నాడు. 'అయితే నేల తుడుచుకో, నేను బజారుకి వెళ్ళొస్తాను' అన్నాను.

సరే, అది వదిలేయండి. కళ్ళజోళ్ళ షాపు మనిషిని గడియారాలు బాగుచేసేవాణ్ణి ఎందుకు చేసినట్టు? అదీ అడిగాను. 'కళ్ళజోడులో ఏముంది వదినా, గడియారమైతే కాలానికి గుర్తు. ఆగిపోయిన గడియారం, ఆగిపోయిన మనసు' అన్నాడు. ఏముందా? వాళ్ళన్నయ్య ఆ కళ్ళజోళ్ళు అమ్మే కదా వీణ్ణి చదివించింది! పైగా ఇప్పుడు నాకొచ్చిన తంటా వినండి. జనం ఆగిపోయిన గడియారాలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. 'సారు పోయారని తెలుసమ్మా, పోనీ పనిముట్లయినా ఉన్నాయేమో, మీరే ఒకసారి చూడండి' అని ఒకాయన గోడగడియారం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. అదిగో, బీరువా మీద ఉంది. రోజుకి రెండుసార్లు కరెక్టుగానే చూపిస్తోంది, అంతవరకూ నయం.

టీ తాగరేం? పంచదార తక్కువైందా? వేళ్ళతో చూపించండి. ఒక చెంచానా? ఇదిగో.

అసలు ముచ్చట ఇంకోటుంది. సినిమా అయ్యాక హాల్లో చర్చ పెట్టారు, మీరు రాలేదు ఆ రోజు. 'సినిమాలో జ్ఞాపకం' అని వెనక పెద్ద గుడ్డ కట్టారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. నాకు మైకంటే భయం లేదు బాబూ, భజనలో మొదటి గొంతు నాదే. ముందు ఒక గడ్డమాయన లేచి, 'ఈ చిత్రంలో విస్మృతి కూడా ఒక పాత్ర' అన్నాడు. అంటూనే జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాడట, రాసుకొచ్చింది చదవలేకపోతున్నాడు. నెత్తి మీదే ఉంది! నేను చెప్పాను. అదీ చర్చలో భాగమనుకుని రాసుకున్నారు కొందరు.

తర్వాత నా వంతు. మైకు తీసుకుని చెప్పాను. 'అయ్యా, అమ్మా, మీ అందరికీ నమస్కారం. మా ఆయనకి మతిమరుపు లేదు. పోయిన రోజు పొద్దున కూడా నన్ను చక్కగా గుర్తుపట్టి, కూరలో ఉప్పు తగ్గిందని తిట్టి మరీ షాపుకి వెళ్ళారు. ఆయనది గడియారాల షాపు కాదు. గొడుగు పట్టలేదు. మాట తేనెలా ఉండేది కాదు.'

ముందువరసలో ఒకమ్మాయి ఏడుపు లంకించుకుంది. గడ్డమాయన గుండె మీద చెయ్యి వేసుకుని, 'చూశారా! ఆవిడ మనసు ఆ బాధని ఒప్పుకోవడం లేదు. భర్త మర్చిపోయాడన్న నిజాన్ని ఆవిడ మర్చిపోయింది. ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఏం కావాలి!' అన్నాడు. అంతే, అందరూ లేచి నిలబడి చప్పట్లు! నేను 'కాదు, కాదు' అంటుంటే ఇంకా గట్టిగా కొట్టారు. మా మరిది వచ్చి శాలువా కప్పాడు. ఏం చెయ్యను? జనం అలా లేచి నిలబడితే నాకూ చేతులు వాటంతటవే దండం పెట్టాయి.

ఆ రాత్రి మాత్రం భగవంతుడితో గట్టిగా పోట్లాడాను. 'స్వామీ, ఊరంతా కలిసి ఒక మనిషిని మార్చేస్తుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావే' అని. ఆయనా మీలాగే. పలకడు. తలూపడం కూడా ఉండదు.

నేను అడుగుతున్నానని కాదు గానీ, మా ఆయన ఎలాంటివాడో మీకు ఎవరైనా చెప్పారా బాబూ? లేదు కదా. మీసం ఒక్కటి చూపించారు. నేను చెప్తాను.

ఆయన ఎదుటి మనిషి మొహం చూసేవాడు కాదు. చెవులు చూసేవాడు. పెళ్ళిచూపుల్లో అందరూ పిల్ల నవ్వు బాగుందా, నడక బాగుందా అని చూస్తుంటే, ఈయన మా అమ్మతో, 'మీ అమ్మాయి ఎడమ చెవి కుడిదానికన్నా కాస్త కిందకి ఉందండీ' అన్నాడు. మా అమ్మ వణికిపోయింది, సంబంధం పోయిందని. ఆయన తప్పుపట్టలేదు, ఊరికే చెప్పాడు. ఎవరికీ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవట. అందుకే కొన్న కళ్ళజోడు కొన్నట్టు ఎవరికీ నప్పదట. ఒక కాడ కాస్త వంచాలి. ఎవరిది ఎంత వంచాలో, అందులోనే ఉందట పనంతా.

పెళ్ళిలో, బస్సులో, ఆఖరికి ఆసుపత్రిలో డాక్టరుది కూడా, ఎవరి కళ్ళజోడు వంకరగా కనిపించినా అడగడాలూ లేవు, పెట్టడాలూ లేవు. మొహం మీంచి లాగేసుకుని, వేలితో కాడ నొక్కి, నోటి ఆవిరి పట్టి తుడిచి, మళ్ళీ తగిలించి, 'ఇప్పుడు చూడండి' అనేవాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

నావి రోజూ పొద్దున షాపుకి వెళ్ళేముందు సరిచేసేవాడు. 'ఏమే, ఇటు తిరుగు' అనేవాడు. అదే ముద్దూ మురిపెమూ. గొడుగు లేదు, వాన లేదు. ఏమే, ఇటు తిరుగు. పోయింది కూడా షాపులోనే. ఎవరికో అద్దాలు పెట్టి, ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండానే ఒరిగిపోయాడు. ఆ పెద్దమనిషి చాలాసేపు బాగుంది బాగుంది అంటూనే ఉన్నాడట పాపం.

అప్పట్నించీ నా కళ్ళజోడు ఇలా జారుతూనే ఉంది, చూడండి. కొత్త షాపువాళ్ళు మిషను మీద కొలిచి ఇచ్చారు. మిషనుకి నా ఎడమ చెవి సంగతి తెలీదు.

మీరు ఆ పొట్లం వంక చూస్తున్నారు. చూడండి, చూడండి. అసలు ఫొటో అదే కదా. సామాన్ల గదిలో వెతికించి, మీరే స్వయంగా తెచ్చారు. ఇంకొకరైతే డ్రైవరుతో పంపేవారు. మీ మంచితనం.

విప్పమంటారా? విప్పుతాను లెండి. తొందరేముంది?

...సరే. ఎప్పుడు కనిపెట్టారు అని అడిగారు కదా ఇందాక, కళ్ళతో. చెప్తాను. మా మరిదికి మాత్రం చెప్పొద్దు.

మొదటిరోజే.

కళ్ళజోడు జారితే మాత్రం, మరీ మొగుణ్ణి గుర్తుపట్టనంతగా జారుతుందా బాబూ? కాగితం విప్పగానే తెలిసింది. తెలిసే తగిలించాను. ఆడపడుచు ఏడ్చినప్పుడు తెలుసు. గడ్డమాయన చప్పట్లు కొట్టినప్పుడు తెలుసు. దీపం పెట్టిన ప్రతిరోజూ తెలుసు. తప్పే. భగవంతుడికి చెప్పుకున్నాను ఎప్పుడో. మీకే ఇప్పుడు చెప్తున్నాను.

ఎందుకంటే, అప్పటికే నేను మీ సినిమా చూసేశాను కదా. ఎడిటింగు గదిలో మా మరిది ముందే చూపించాడు. చూసి తిట్టుకుంటూ ఇంటికొచ్చి, పడుకుని, కళ్ళు మూసుకుని, ఆయన్ని తలుచుకుందామంటే... మీరొచ్చారు. మర్నాడూ మీరే. లేచి కూర్చుని, మొహం కడుక్కుని, మళ్ళీ మొదట్నించీ తలుచుకున్నాను. షాపు వచ్చింది, చొక్కా వచ్చింది, చెవులు వచ్చాయి. మొహం దగ్గరికొచ్చేసరికి మీరు. అలాంటప్పుడు గోడ మీద ఆయనుండి, కళ్ళు మూసుకుంటే మీరుంటే, నాకు అదేదో పాపంలా తోచింది. ఈ ఫొటో అయితే లోపలా బయటా ఒక్కరే. దండం అయినా కుదురుగా పెట్టుకోవచ్చు.

మీ సినిమా అంతా తారుమారు బాబూ. మర్చిపోయేది ఆయన కాదు.

ఊఁహూఁ, ఏమీ అనకండి. ఇప్పుడు అస్సలు అనకండి. మీ నోరు ఎందుకు కట్టేశానో తెలిసిందా? మొహం పోయింది సరే. ఆ 'ఏమే' ఒక్కటీ ఇంకా ఆయన గొంతులోనే ఉందని నా ఆశ. సినిమాలో మీరు ఎక్కడా 'ఏమే' అనలేదు, ఏదో పువ్వు పేరు పెట్టి పిలిచారు, అదొక్కటే మీరు చేసిన పుణ్యం. మీరిక్కడ కూర్చుని నాలుగు మాటలు మాట్లాడారనుకోండి, అదీ పోతుంది.

మరెందుకు రమ్మన్నానా? ఆ పొట్లం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు విప్పలేక. విప్పాక ఎవరో తెలియనాయన కనిపిస్తే, పక్కన ఒక మనిషైనా ఉండాలి కదా.

ఆగండి. ముందు ఈ కళ్ళజోడు సంగతి చూడాలి. ఇలా జారుతుంటే ఏం కనిపిస్తుంది? మీరు తీయండి. ఫరవాలేదు, తీయండి, సినిమాలో ఎన్ని గడియారాలు విప్పారు! ఎడమ కాడ. చివర, చెవి వెనక్కి పోయే చోట. బొటనవేలితో లోపలికి, కిందికి. నెమ్మదిగా. ఇంకాస్త. ఇప్పుడు తగిలించండి.

మీ వేళ్ళు వెచ్చగా ఉన్నాయే!

ఆయనవి చల్లగా ఉండేవి. పొద్దున్నే షాపుకి తీసుకెళ్ళాల్సిన అద్దాలన్నీ నీళ్ళలో కడిగి, ఆ తడిచేత్తోనే నా చెవి పట్టుకునేవాడు. ఉలిక్కిపడేదాన్ని. చూశారా, ఈ చెవికి గుర్తుంది. దీనికి మీ సినిమా తెలీదు. ఇది అసలు హాలుకే రాలేదు!

ఇప్పుడు ఇవ్వండి ఆ పొట్లం.

...

అదిగో. అదిగో మహానుభావుడు. చూడండి బాబూ, ఊరందరి కళ్ళజోళ్ళూ సరిచేసిన మనిషి, తనది ఎంత వంకరగా పెట్టుకున్నాడో! ఆ మూతి చూడండి. ఆ రోజు ఫొటో తీసేవాడితో పోట్లాట. 'నవ్వండి సార్' అన్నాడు వాడు. 'నవ్వితే మొహం వస్తుందా, పళ్ళు వస్తాయా' అని ఈయన. నేను వెనక నిలబడి, 'ఒక్కసారి నవ్వితే ఏం పోతుందండీ' అన్నాను. వెంటనే నావైపు తిరిగి ఒక్క కసురు కసిరాడు...

ఉండండి. ఉండండి. వస్తోంది.

'ఏమే, నీ కళ్ళజోడు జారింది, ముందు అది చూసుకో!'

...

ఊఁ.

మాట ఆయనదే బాబూ. అక్షరం తేడా లేదు. కసురు ఆయనదే, ఆ 'ఏమే' ఆయనదే. గొంతు మాత్రం మీది.

పోనీలెండి. మీరేం చేస్తారు, మీ పని మీరు చేశారు. అలా తల దించుకోకండి. మీ ఫొటో దించను, ఇన్నాళ్ళు దీపం పెట్టి ఇప్పుడు దించితే మీకేమైనా అయితే నాకు పాపం. ఆ పక్కనే ఇంకో మేకు కొట్టి వెళ్ళండి, సుత్తి బీరువా మీద గడియారం వెనకాల ఉంది. దీపం మాత్రం ఒకటే పెడతాను. మీరిద్దరూ పంచుకోండి.

వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పకండి. చెయ్యి ఊపండి, చాలు.